రామప్ప దగ్గర ఇరవై నిమిషాలా?

హైదరాబాదు నుంచి ఒక్క రోజులో కాకతీయుల కట్టడాలన్నీ చూపిస్తామనే ట్రావెల్స్ ప్రకటనలు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. ప్రైవేటు ఏసీ కారు, గైడ్‌తో సహా. పేర్లు వరసగా ఉంటాయి: యాదగిరిగుట్ట, కొలనుపాక, పెంబర్తి, వేయి స్తంభాల గుడి, భద్రకాళి, వరంగల్ కోట, రామప్ప గుడి, లక్నవరం చెరువు. పొద్దున ఆరింటికి ఇంటి దగ్గర ఎక్కించుకుని రాత్రి తొమ్మిదింటికల్లా దింపేస్తారట.

కాగితం మీద లెక్క వేసి చూద్దాం. నగరం నడిబొడ్డు నుంచి రామప్ప ఉన్న పాలంపేటకు సుమారు 210 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి వెనక్కి హనుమకొండకు 70. హనుమకొండ నుంచి ఇంటికి మళ్ళీ 150. ఇంతవరకే 430. యాదగిరిగుట్టకి, కొలనుపాకకి పక్కకు తిరగడం, లక్నవరం పోయి రావడం కలిపితే 500 దగ్గరికొస్తుంది. దారిలో ఊళ్ళు, టోల్‌గేట్లు, రెండు వరసల రోడ్లు అన్నీ కలిసి సగటున గంటకు 55 కిలోమీటర్లు పడితే బాగా పడ్డట్టే. అంటే తొమ్మిది గంటలు కారులోనే. తిండికి, టీకి, పెట్రోలు బంకుకి గంటన్నర. గుట్ట దర్శనానికి రెండు గంటలు, అదీ ఆదివారం కాకపోతే. పదిహేను గంటల్లోంచి ఇవన్నీ తీసేస్తే మిగిలేది రెండున్నర గంటలు. దాన్ని ఏడు చోట్లకు పంచితే ఒక్కోదానికి ఇరవై నిమిషాలు.

రామప్పలో ఇరవై నిమిషాలంటే పార్కింగ్ నుంచి నడిచి, చెప్పులు విప్పి, లోపల దండం పెట్టి, నంది పక్కన ఒక ఫొటో దిగి, మళ్ళీ చెప్పులు వెతుక్కోవడం. అంతే.

కారు, గైడ్, ఒక రోజు అనే ఏర్పాటు మీద నాకు ఏ పేచీ లేదు. రెండు రోజులు సెలవు దొరకని ఉద్యోగులకు, అమెరికా నుంచి మూడు వారాలకు వచ్చి అందులో పది రోజులు పెళ్ళిళ్ళకే పోగొట్టుకునే కుటుంబాలకు అదే దారి. పేచీ ఆ జాబితాతోనే. ఒక రోజుకు రామప్ప, వరంగల్ కోట చాలు. మధ్యలో ఓపికుంటే వేయి స్తంభాల గుడి. గైడ్ కోసం పెట్టే డబ్బంతా రామప్ప దగ్గర పెట్టాలి. ముందు చూడాల్సింది కూడా రామప్పనే.

దూరంగా ఉన్నదే ముందు

ట్రావెల్స్ వాళ్ళు సాధారణంగా దారిలో వచ్చే వరసలోనే చూపిస్తారు. దగ్గరున్నవి ముందు, చివర్న రామప్ప. మ్యాపు మీద చక్కగానే ఉంటుంది. కానీ ఆలస్యాలన్నీ పోగుపడి వచ్చి పడేది ఆఖరి చోటు మీదే. గుట్టలో క్యూ పెరిగింది, హనుమకొండలో భోజనం లేటయింది, పిల్లవాడికి కడుపులో తిప్పింది. వీటన్నిటికీ మూల్యం చెల్లించేది చివరి కట్టడం. అసలు ప్రయాణం పెట్టుకున్నదే దేనికోసమో, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ ఒక్క గుడికే కోత పడుతుంది. సాయంత్రం నాలుగున్నరకు అలసిపోయి చేరితే, ఇంటికి 210 కిలోమీటర్లు ఉందన్న దిగులు డ్రైవర్ మొహంలోనే కనిపిస్తుంది.

రెండో కారణం వెలుతురు. రామప్ప తూర్పు ముఖం గుడి. పొద్దున ఎండ తూర్పు గుమ్మంలోంచి రంగమండపంలోకి వస్తుంది. లోపలి నాలుగు నల్లరాతి స్తంభాల మీద చెక్కడం కనపడాలంటే పక్కనుంచి పడే ఆ వెలుతురే కావాలి. మధ్యాహ్నం దాటాక మండపం చీకటి పడుతుంది, ఫోను కెమెరాలో నల్లటి ముద్దలు తప్ప ఏమీ రావు. వరంగల్ కోట ఇందుకు సరిగ్గా ఎదురు. కీర్తి తోరణాలనే నాలుగు రాతి ద్వారాలు ఆరుబయట నిలబడి ఉన్నాయి, సాయంత్రం వాలు ఎండలోనే వాటి మీద హంసలు, మకరాలు తేలి కనపడతాయి. కోట చివర్న పెట్టుకుంటే ఇంకో లాభం, అది ఇంటి దారిలో ఉంది. ఆలస్యమై అరగంట తగ్గినా గుండె పగిలేదేమీ లేదు.

మూడోది కాళ్ళు. రామప్పలో చెప్పులు లేకుండా నడవాలి. ఫిబ్రవరి దాటితే మధ్యాహ్నం ఆ రాళ్ళ మీద పిల్లలు గెంతుతూ పరుగెడతారు, పెద్దవాళ్ళు నీడ దాటి రారు. ఒక జత పాత సాక్సులు సంచిలో వేసుకుంటే పని జరుగుతుంది గానీ, పొద్దున్నే వెళితే ఆ అవసరమే ఉండదు.

రోజు ఇలా నడుస్తుంది. ఐదింటికి బయల్దేరాలి, ఆరింటికి కాదు. ఉప్పల్-నారపల్లి మధ్య తగులుకోకుండా ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగి ఘట్‌కేసర్ దగ్గర దిగితే మీటరు కొంత పెరుగుతుంది గానీ టైము మిగులుతుంది. బీబీనగర్ దగ్గర గూడూరు, రఘునాథపల్లి దగ్గర కోమళ్ళ టోల్‌గేట్లు వస్తాయి, ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందురోజే డ్రైవర్ని అడగాలి. టిఫిను జనగామలో ముగించాలి. హనుమకొండ ఊళ్ళోకి పోకుండా బైపాస్ పట్టుకుని ములుగు రోడ్డెక్కాలి. ఊళ్ళోకి వెళితే ఎవరో ఒకరు వేయి స్తంభాల గుడి ఎలాగూ పక్కనే కదా అంటారు, అక్కడితో ప్లాను పోతుంది. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర ఎడమకి తిరగాలి. తొమ్మిదిన్నరకల్లా గుడి ముందుంటారు.

రాయి చూడటానికి ఎంతసేపు

రెండున్నర గంటలు. ఎక్కువనిపిస్తుంది, అందుకే లెక్క చెబుతాను.

మొదటి పావుగంట గుళ్ళోకి పోకూడదు. ప్రాంగణంలో చిన్న మండపంలో నాలుగు పలకల శాసన స్తంభం ఉంది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడన్నది మనకు తెలిసింది ఆ రాతి నుంచే. గైడ్‌ను అక్కణ్ణుంచే మొదలుపెట్టమనాలి. ఈ స్తంభాన్ని దాటేసి నేరుగా లోపలికి తీసుకుపోయేవాడు మిగతావాటిలో కూడా ఏది శాసనంలో ఉన్నదో, ఏది జనం చెప్పుకునేదో విడదీసి చెప్పడు.

తర్వాత బయట ఒక చుట్టు. గుడి సుమారు ఆరడుగుల ఎత్తు పీఠం మీద ఉంది, ఆ పీఠం మీదే ప్రదక్షిణ చెయ్యవచ్చు. గోడ అడుగున ఏనుగుల వరస సాగిపోతుంది. పిల్లలుంటే ఒకేలా ఉన్న రెండు ఏనుగుల్ని పట్టమని పందెం వెయ్యండి, అరగంట మీ జోలికి రారు. గోడంతా ఎర్రటి ఇసుకరాయి. గుమ్మాల దగ్గర చూరు కింద ఏటవాలుగా ఆనుకుని నిలబడిన పన్నెండు మదనికలు, అంటే నాట్యభంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలు, మాత్రం డోలరైటు అనే గట్టి నల్లరాయి. ఇసుకరాయి 800 ఏళ్ళ వానకు అరిగింది, ఆ నల్లరాయి నిన్న సానపట్టినట్టుంది. రెండు రాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కడ బరువు మొయ్యాలో ఎక్కడ సన్నటి నగిషీ నిలవాలో తెలిసి రాయిని ఎంచుకున్నారని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. మూడో పదార్థం పైన శిఖరంలో ఉంది: నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుక. పునాది మీద భారం తగ్గించడానికి అది.

మదనికల దగ్గర మెడ నొప్పి పుట్టేదాకా ఉండాలి. ఎత్తు మడమల పాదరక్షలు వేసుకున్న ఆమెను చూపించి గైడ్లందరూ జోకు వేస్తారు, వెయ్యనివ్వండి. నాగిని దగ్గర, చీర లాగుతున్న కోతిని అదిలించే ఆమె దగ్గర ఆగండి. రాతిలో నడుము ఎంత తిరిగిందో, బరువు ఏ కాలి మీద పడిందో చూడండి. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ కాకతీయుల కాలం నాటి పేరిణి నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టడానికి, జాయపసేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళితో పాటు ఈ గోడల్నే చదివారు. నాట్యం నేర్చుకునే ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఈ గంట ఆమెకు వదిలెయ్యాలి. ఆమె చూసేది మిగతావాళ్ళకు కనపడదు.

లోపలికి వెళ్ళాక కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఐదారు నిమిషాలు పడుతుంది. అందరూ ఇక్కడే తొందరపడి ఫోన్ ఫ్లాష్ వేస్తారు. ఎదురుగా పడే వెలుతురులో చెక్కడం చదునుగా కనిపిస్తుంది. చిన్న టార్చి తెచ్చుకుని, దాన్ని రాతికి పక్కనుంచి, దాదాపు గోడకు ఆనించినట్టు పట్టుకోవాలి. నీడలు పడతాయి, బొమ్మ లేచి వస్తుంది. దూలాల మీద సముద్రమథనం, త్రిపుర సంహారం అప్పుడు కథలా చదువుకోవచ్చు. నేల ఎగుడుదిగుడుగా కుంగి ఉంటుంది. ఇసుక నింపిన పునాది మీద కట్టడం వల్ల కదిలింది గాని కూలలేదంటారు. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోవాల్సింది ఇక్కడే, మెట్ల దగ్గర కంటే కూడా.

గర్భగుడి గుమ్మం పక్కన వేణుగోపాలుడి చెక్కడాన్ని వేలితో తట్టి స్వరాలు పలికిస్తామంటారు. వద్దనండి. మీ ఒక్క కుటుంబం తడితే ఏమవుతుందన్నది నిజమే, కానీ రోజుకు ఎన్ని కుటుంబాలు? స్తంభం నగల్లో సూది దూరేంత సన్నని బెజ్జాలు చూపిస్తే చూడండి, అందులో రాతికి నష్టం లేదు.

ఇదంతా అయ్యేసరికి పన్నెండవుతుంది. చెరువు కిలోమీటరు దూరం. అదీ గుడి కాలానిదే, ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తోంది. గట్టు మీద నిలబడితే గుడి, చెరువు, ఊరు కలిపి ఒకే పథకంగా కట్టారన్న సంగతి అర్థమవుతుంది. పడవ ఎక్కితే మాత్రం ఆ టైము కోటలోంచి తీసేసుకోవాలి.

డ్రైవర్ కమ్ గైడ్

ప్యాకేజీలో గైడ్‌తో సహా అని ఉంటే ఒక ప్రశ్న అడగాలి: గైడ్ కారులో వస్తాడా, గుడి దగ్గర కలుస్తాడా, లేక డ్రైవరేనా? చాలాసార్లు మూడోది. డ్రైవర్ మంచివాడే అయి ఉంటాడు, పదిసార్లు వచ్చి ఉంటాడు, విన్నది చెబుతాడు. కానీ పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో గైడ్‌గా పనిచెయ్యడానికి లైసెన్సు ఉండాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి, నాలుగు గంటలు నడిపి వచ్చిన మనిషి ఆ రెండున్నర గంటలు నిద్రపోవాలి. మళ్ళీ నాలుగు గంటలకు పైగా మిమ్మల్ని తీసుకుపోవాల్సింది అతనే. పాపం, గైడ్ పని కూడా నెత్తిన వేస్తే అతను నిద్ర మానుకుని మీతో తిరుగుతాడు.

హైదరాబాదు నుంచి గైడ్‌ను కారులో తీసుకుపోవడం వల్ల ఒక సీటు పోతుంది, రోజంతటికీ డబ్బులివ్వాలి. కారులో గడిచే ఎనిమిది గంటల్లో అతను కాకతీయుల వంశావళి చెబుతుంటే వెనక సీట్లో అందరూ నిద్రపోతారు. పాలంపేటలో స్థానికంగా దొరికే గైడ్‌ను ముందురోజే ఫోన్లో మాట్లాడి పెట్టుకోవడం మేలు. ఆ ఫోన్లోనే నాలుగు సంగతులు తేల్చుకోవాలి: ఎన్ని గంటలు, ఎంతమందికి, ఏ భాషలో, మొత్తం ఎంత. భాష మాట చిన్నది కాదు. డల్లాస్‌లో పుట్టిన మనవడికి తెలుగులో శిల్పశాస్త్రం ఎక్కదు, తాతయ్యకు ఇంగ్లీషు ఎక్కదు. ఇద్దరికీ చెప్పగలిగిన గైడ్ దొరికితే రెట్టింపు ఇచ్చినా దండగ కాదు. సోమవారం, కార్తీక మాసం, శివరాత్రి రోజుల్లో గుడి భక్తులతో నిండిపోతుంది, గైడ్ మాట వినపడదు. అలాంటి రోజు వెళ్తే దర్శనానికి వెళ్ళండి, శిల్పం ఇంకో రోజు.

మార్కో పోలో ఏమన్నాడు

దక్కను ఆలయాల ఆకాశంలో రామప్ప అన్నిటికన్నా మెరిసే నక్షత్రమని మార్కో పోలో మెచ్చుకున్నాడని దాదాపు ప్రతి గైడూ చెబుతాడు. మార్కో పోలో కాకతీయుల రాజ్యం గురించి రాశాడన్నది నిజం. మోటుపల్లి రేవు ప్రస్తావన ఉంది, భర్త పోయాక న్యాయంగా ఏలిన రాణి ఉంది, వజ్రాలు, సాలెగూడు లాంటి సన్నటి బట్టలు ఉన్నాయి. ఈ గుడి మాత్రం లేదు. అలాగే శిల్పి పేరు రామప్ప అన్నది తరతరాలుగా జనం చెప్పుకుంటున్న మాట. శాసనం మీద ఉన్నది కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు. నమ్మకండని కాదు, తేడా తెలిసి వినండని.

ఇక్కడ నాకు ఒక సందేహం లేకపోలేదు. తప్పులు సరిదిద్దుతూ కూర్చుంటే మజా పోతుంది కదా? పిల్లలకు గుర్తుండేది సొరంగాలూ సూది బెజ్జాలే కదా? వేయి స్తంభాల గుడి నుంచి వరంగల్ కోటకు సొరంగం ఉందట. మన దేశంలో సొరంగం లేని కోట ఒక్కటి కూడా లేదనుకుంటాను, కథల్లో. నిజమే, కథ ఉండాలి. కానీ మంచి గైడ్ కథను కథగానే చెబుతాడు. శాసనంలో ఇలా ఉంది, జనం ఇలా అంటారు, నాకేమనిపిస్తుందంటే అని మూడు గొంతులతో మాట్లాడతాడు. మొదటి పది నిమిషాల్లోనే ఆ సంగతి తెలిసిపోతుంది. అన్నీ ప్రపంచంలో ఏకైక, మొట్టమొదటి అంటూ పోతే, శాసనం దగ్గరికి తీసుకుపోయి మీరే మెల్లగా అడగండి. చాలామందికి తెలుసు, అడిగేవాళ్ళు లేక చెప్పరు.

300 కిలోమీటర్ల మాట

డబ్బు గొడవలన్నీ ఒకే చోట పుడతాయి. రోజు అద్దె అని చెప్పే రేటులో సాధారణంగా 250 లేదా 300 కిలోమీటర్లే ఉంటాయి. మన తిరుగుడు 430. అందులో కారు షెడ్డు నుంచి మీ ఇంటికి వచ్చి మళ్ళీ షెడ్డుకు పోయే దూరం కూడా లెక్కే, దాన్ని ముప్పై అనుకుంటే 460. పరిమితి 300 అయితే పైన 160. కిలోమీటరుకు 15 రూపాయలు అనుకున్నా 2,400 రూపాయలు రాత్రి తొమ్మిదింటికి ఇంటి గేటు ముందు బయటపడతాయి. దానికి డ్రైవర్ బత్తా, టోలు, పార్కింగ్, రాత్రి చార్జీ కలుస్తాయి. ఎవరూ మోసం చెయ్యలేదు, అడగలేదు అంతే. ఫోన్లో తక్కువ రేటు చెప్పేవాడికన్నా 460 కిలోమీటర్లకు మొత్తం ఎంతో చెప్పేవాడు చివరికి చవక. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మీటరు ఫొటో తీసి పెట్టుకోండి.

బండికి పసుపు నంబరు ప్లేటు ఉండాలి. స్నేహితుడి స్నేహితుడి తెల్ల ప్లేటు ఇన్నోవా వెయ్యి తక్కువకు వస్తుంది. దారిలో ఏదైనా జరిగితే, సొంత వాడకం బండిని అద్దెకు తిప్పారని ఇన్సూరెన్సు వాళ్ళు క్లెయిము తిప్పికొట్టవచ్చు. ఆ వెయ్యి కోసం ఆరుగురి ప్రాణాల బీమాతో ఆడుకోవడం నాకు అర్థం కాదు.

కోటలో పురావస్తు శాఖ టిక్కెట్టు 25 రూపాయలు, విదేశీయులకు 300. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు ఇచ్చేది) ఉన్నవాళ్ళకు మనవాళ్ళ టిక్కెట్టే వర్తిస్తుంది, కానీ కార్డు చూపించాలి. బీరువాలో పెట్టి వస్తే లాభం లేదు.

డ్రైవర్ నిద్ర, నా లెక్క

ఇక్కడ నా ప్లానే నాకు ఎదురు తిరుగుతుంది. ఐదింటికి మీ ఇంటి ముందు ఉండాలంటే డ్రైవర్ నాలుగింటికి లేవాలి. కోట దగ్గర ఆరింటికి బయల్దేరి తొమ్మిదింటికి మిమ్మల్ని దింపి, షెడ్డులో బండి పెట్టి ఇంటికి చేరేసరికి పదిన్నర. 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, విరామాలతో కలిపి పన్నెండు గంటల పరిధి అనేది. చిన్న ట్రావెల్స్ చాలావరకు ఆ చట్టం చేతికి చిక్కేవి కావు, నిద్ర మాత్రం ఏ డ్రైవర్నీ వదలదు. నా ప్లాను ఆ పన్నెండు గంటలు దాటుతుంది. ఎనిమిది చోట్ల ప్యాకేజీకన్నా నయం, ఎందుకంటే రామప్పలో రెండున్నర గంటలు, కోటలో గంటన్నర అతనికి ఖాళీ. అయినా సమాధానం పూర్తిగా కుదరదు.

కుదిరే దారి ఒకటుంది: రైలు. సికింద్రాబాదు నుంచి కాజీపేటకు 132 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. కాజీపేటలో దిగి అక్కడి కారు మాట్లాడుకుంటే మొత్తం తిరుగుడు సుమారు 165 కిలోమీటర్లే. డ్రైవర్ ఆ ఊరివాడు, రాత్రి తన ఇంట్లో తింటాడు. ఖర్చు తగ్గుతుంది, హైవే అలసట ఉండదు. ఇబ్బంది సాయంత్రం రైలుతో. దానికోసం గడియారం చూస్తూ కోటలో తిరగాలి, పెద్దవాళ్ళను ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కించాలి. అందరూ నడవగలిగిన వాళ్ళయితే నా ఓటు రైలుకే. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే ఇంటి గేటు నుంచి కారే. ఒక రాత్రి హనుమకొండలో ఉండగలిగితే ఈ గొడవలేవీ లేవన్నది తెలిసిందే, కానీ ఆ రాత్రి దొరకనివాళ్ళ కోసమే ఇదంతా.

మధ్యాహ్నం నుంచి

భోజనం చెరువు దగ్గర టూరిజం వాళ్ళ హోటల్లోనో ములుగులోనో ఒంటిగంటకల్లా ముగిస్తే రెండున్నరకు హనుమకొండ. వేయి స్తంభాల గుడికి ముప్పావు గంట. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటం, అంటే మూడు గర్భగుళ్ళ గుడి: శివుడు, విష్ణువు, సూర్యుడు. రామప్ప చూసి వచ్చిన కంటికి ఇది యాభై ఏళ్ళ ముందటి ముసాయిదాలా కనిపిస్తుంది, వరస తిప్పి చూడటంలో ఉన్న లాభం ఇది కూడా. విప్పిన రాళ్ళను మళ్ళీ పేర్చి 2024 మార్చిలో తెరిచిన కల్యాణ మండపంలో పాత రాయి ఎక్కడ, కొత్త రాయి ఎక్కడ అని వెతకడం మంచి కాలక్షేపం.

కోటకు నాలుగింటికి చేరితే చాలు. రాతికోట ద్వారం దగ్గర రోడ్డు వంకర తిరిగి లోపలికి పోతుంది, శత్రువు ఏనుగు నేరుగా దూసుకు రాకుండా కట్టిన వంకర అది. డ్రైవర్ రోజూ పోయే రోడ్డులా దాటించేస్తాడు, ముందే చెప్పి అక్కడ ఆపించాలి. లోపల ఊరు ఊరంతా కాపురముంది. నాలుగు తోరణాల మధ్య ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో కోట ఢిల్లీ సైన్యానికి పడిపోయాక మిగిలింది ముక్కలే. తలుపుల్లేని నాలుగు వాకిళ్ళు నిలిచి, గుడి పోయింది. నేల చదునుగా ఉంటుంది కాబట్టి పొద్దున రామప్ప మెట్లు ఎక్కలేక పచ్చికలో కూర్చున్న పెద్దవాళ్ళు ఇక్కడ హాయిగా తిరుగుతారు. కోటను సాయంత్రానికి పెట్టడంలో ఇదీ ఒక ఆలోచనే. ఖుష్ మహల్ పదిహేను నిమిషాలు. చీకటి పడ్డాక సౌండ్ అండ్ లైట్ షో కోసం ఆగవద్దు, డ్రైవర్ మొహం చూడండి.

నాయనమ్మ గుట్టకు పోదామంటే

అసలు కష్టం ఇది. జాబితాలో గుట్టను పెట్టేది ట్రావెల్స్ వాళ్ళు కాదు, ఇంట్లో వాళ్ళే. దారిలోనే ఉంది, దండం పెట్టుకోకుండా ఎలా దాటిపోతామని నాయనమ్మ అంటుంది. ఆమె మాటకు ఇరవై నిమిషాల లెక్క చెప్పి గెలవలేం, గెలవకూడదు కూడా. మళ్ళీ ఎప్పుడొస్తామో అన్న మాటలో కూడా నిజం ఉంది. మోకాళ్ళు అరిగిన మనిషికి వచ్చే ఏడు అన్నది అంత ధైర్యంగా చెప్పుకోగల మాట కాదు.

ఆమెకు గుట్టే ముఖ్యమైతే ఆ రోజు గుట్టకే పోవాలి. నగరానికి 60 కిలోమీటర్లు, సగం రోజు పని. తీరిగ్గా దర్శనం, ఆ తర్వాత కొలనుపాక జైన మందిరం, పెందలాడే ఇల్లు. రామప్ప ఇంకో రోజు, ఆమె రానన్నా సరే. అమ్మవారి దర్శనం కావాలంటే వేయి స్తంభాల గుడి మానేసి భద్రకాళికి వెళ్ళవచ్చు, రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి. పెంబర్తి ఇత్తడి పని చూడాలనుంటే హైవే పక్కనే కాబట్టి అరగంటకు మించి పోదు, తిరుగుదారిలో ఆగండి. లక్నవరం మాత్రం ఈ రోజులో ఏ రకంగానూ ఇమడదు.

తేదీ విషయంలో రెండు జాగ్రత్తలు. రెండేళ్ళకోసారి మాఘంలో మేడారం జాతర ఉన్న రోజుల్లో ములుగు రోడ్డు మీద ఈ లెక్కలేవీ చెల్లవు. వానాకాలంలో చెరువు నిండి అందంగా ఉంటుంది గానీ, 2023 జులై చివర్లో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే అడ్వాన్సు పోయినా మానుకోండి.

కారు మాట్లాడేటప్పుడు ఫోన్లో ఒప్పుకున్నవన్నీ ఒక మెసేజీగా పంపి, సరే అని జవాబు రాయించుకోండి. ఇలా ఉంటే చాలు: "అన్నా, శనివారం పొద్దున 5 గంటలకు పికప్. ముందు నేరుగా రామప్ప, తర్వాత వేయి స్తంభాల గుడి, చివరికి వరంగల్ కోట. మధ్యలో ఎక్కడా వేరే స్టాపు లేదు. 460 కిలోమీటర్లకు బత్తా, టోలు, పార్కింగ్ కలిపి మొత్తం ఎంతో రాయండి. పసుపు ప్లేటు బండి. డ్రైవర్ ముందురోజు రాత్రి ట్రిప్పుకు వెళ్ళి ఉండకూడదు. రామప్ప దగ్గర రెండున్నర గంటలు ఆగుతాం, ఆయన పడుకోవచ్చు."